ఫెయిల్-సేఫ్ అంటే ఫెయిల్ కానిది కాదు

రైళ్ల భద్రత మీద గానీ, కొత్త లిఫ్టుల మీద గానీ, బ్యాంకు సర్వర్ల మీద గానీ బాధ్యత గల వాళ్లెవరైనా మైకు ముందు మాట్లాడితే ‘ఫెయిల్-సేఫ్’ అనే మాట ఒక్కసారైనా దొర్లుతుంది. మా ఏర్పాటు ఫెయిల్-సేఫ్, కాబట్టి ఎవరూ కంగారు పడనక్కర్లేదన్నది ఆ ప్రకటనల సారాంశం. వినేవాళ్లు దాన్ని ‘ఎన్నటికీ ఫెయిల్ కానిది’ అని అర్థం చేసుకుంటారు. చెప్పేవాళ్లలోనూ చాలామంది ఆ అర్థంలోనే చెబుతారు. సికింద్రాబాద్‌లో 1957 నుంచి పనిచేస్తున్న రైల్వే సిగ్నల్ ఇంజినీరింగ్ శిక్షణ సంస్థ ‘ఇరిసెట్’లో సిగ్నల్ సిబ్బంది ఈ మాటను నేర్చుకునే తీరు వేరు. ప్రతి పరికరమూ ఏదో ఒక రోజు చెడిపోతుంది, చెడిపోయినప్పుడు రైలును ఆపే వైపు చెడిపోవాలి తప్ప వదిలేసే వైపు చెడిపోకూడదు అన్నది అక్కడి అర్థం. ఒకే మాటకు రెండు అర్థాలు ఉండటం ఏ భాషకూ కొత్త కాదు. ఇక్కడి చిక్కల్లా ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు నిలవడంలో ఉంది. ఒకటి చెడిపోవడాన్ని ఒప్పుకుని మొదలవుతుంది, రెండోది చెడిపోవడమే ఉండదంటుంది. మొదటి అర్థాన్ని రిలే గదుల్లోనే వదిలేసి, రెండోదాన్ని ఊరంతా వాడుకోవడం వల్ల మనుషుల ప్రాణాలు పోతున్నాయన్నది నా వాదన. దానికి సాక్ష్యాల కోసం సికింద్రాబాద్ దాటి ఎక్కువ దూరం వెళ్లనక్కర్లేదు.

ఈ తికమకకు బీజం మాట కట్టుబడిలోనే ఉంది. ఇంగ్లిష్‌లో ‘సేఫ్’ చివర చేరే సమాసాలు మనకు వంటింట్లోనే పరిచయం. ప్లాస్టిక్ డబ్బా మీద ‘మైక్రోవేవ్-సేఫ్’ అని ఉంటే మైక్రోవేవ్‌లో పెట్టినా పాడవదని అర్థం. ‘వాటర్-ప్రూఫ్’, ‘ఫైర్-ప్రూఫ్’, ‘ఫూల్-ప్రూఫ్’ లాంటివీ ఇదే బాపతు. మొదటి పదం ముప్పును చెబుతుంది, రెండో పదం ఆ ముప్పు తగలదని హామీ ఇస్తుంది. ఆ వరసలో పెట్టి చదివితే ఫెయిల్-సేఫ్ కూడా ఫెయిల్ అవడం నుంచి రక్షణ అనే అనిపిస్తుంది. బడిలో నేర్చుకున్న వ్యాకరణంలో చెప్పాలంటే, ‘దొంగభయం’ లాగా దీన్నీ పంచమీ తత్పురుషగా విడదీస్తున్నాం. ఇంజినీర్లు కట్టిన సమాసం అది కాదు. అక్కడ ‘ఫెయిల్’ క్రియ. ఆ క్రియ జరిగాక యంత్రం ఏ స్థితిలో నిలవాలో ‘సేఫ్’ చెబుతుంది. విగ్రహవాక్యం రాయాల్సి వస్తే ‘వైఫల్యమందు భద్రత’ అనాలి, అంటే సప్తమి. ఈ మాట తోబుట్టువులను చూస్తే సందేహం మిగలదు. సామర్థ్యం తగ్గించుకుని పాక్షికంగా పనిచేస్తూ పోయేది ఫెయిల్-సాఫ్ట్. కరెంటు పోతే బిగుసుకునే తాళం ఫెయిల్-సెక్యూర్. తన ప్రాణం పోయినా ఎదుటివాడిని చంపేలా అమర్చిన అణ్వస్త్ర ఏర్పాటు ఫెయిల్-డెడ్లీ. వీటన్నిట్లోనూ ఫెయిల్ అవడం ముందే లెక్కలోకి వచ్చేసింది, ఎటు వైపు అన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

మాట వయసు ఎనభై ఏళ్లు ఉంటే, దాని వెనకున్న ఆలోచన వయసు అందుకు దాదాపు రెట్టింపు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు మార్గం తెరిచేనాటికి, రైలు నడపడం ప్రపంచంలో ఎక్కడైనా ప్రమాదకరమైన పనే. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో చాలా చోట్ల సిగ్నల్ చెయ్యి మామూలు స్థితి ‘దారి ఖాళీ’. ప్రమాదం ఉన్నప్పుడు మాత్రమే దాన్ని మార్చేవారు. 1876 జనవరి 21న అబ్బాట్స్ రిప్టన్ దగ్గర విపరీతంగా మంచు కురిసి, సిగ్నల్ చేతులు దారి ఖాళీ అన్న స్థితిలోనే గడ్డకట్టుకుపోయాయి. క్యాబిన్‌లో మనిషి లివర్ తిప్పినా బయట చెయ్యి కదలలేదు. రైళ్లు ఢీకొన్నాయి. ఆ విచారణ తర్వాత మామూలు స్థితి తలకిందులైంది. రైలు రావచ్చని ఎవరో ప్రత్యేకంగా చెబితే తప్ప సిగ్నల్ ఆపే స్థితిలోనే ఉండాలన్న పద్ధతి స్థిరపడింది. మన స్టేషన్లలో మొన్నమొన్నటి దాకా కనిపించిన చెయ్యి సిగ్నళ్లకు ఒక బరువు వేలాడేది. లాగే తీగ తెగిపోతే ఆ బరువు చేతిని ఆపే స్థితికి తెచ్చేస్తుంది. రైల్వే పరిభాషలో సిగ్నల్ ‘ఆన్’లో ఉందంటే రైలు ఆగాలని, ‘ఆఫ్’ చేశారంటే వెళ్లమని. బయటి మనిషికి తిరగబడినట్టు వినిపించే ఈ వాడుకలో అనుమతి కంటే అడ్డే సహజమన్న సిద్ధాంతం మొత్తం ఇమిడి ఉంది.

బ్రేకుల కథ ఇంతకంటే దారుణం, ఇంతకంటే స్పష్టం. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర, ఎక్కువమంది పిల్లలతో వెళ్తున్న విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. కొన్ని పెట్టెలను ముందు పైకి చేర్చి, మిగతావాటి కోసం తిరిగి రావచ్చనుకుని రైలును రెండుగా విడదీశారు. ఆ రైలు వాక్యూమ్ బ్రేకు ఇంజిన్ పనిచేసి గొట్టం కలిసి ఉన్నంతవరకే పట్టుకునే రకం. విడదీసిన క్షణాన వెనక పెట్టెలకు గార్డు తిప్పే చేతి బ్రేకు తప్ప మరో ఆధారం లేకపోయింది. చక్రాల కింద పెట్టిన రాళ్లు నలిగిపోయాయి. పెట్టెలు వెనక్కి దొర్లి, వెనక వస్తున్న రైలును ఢీకొని 80 మంది చనిపోయారు. అదే ఏడాది బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి ప్రయాణికుల రైళ్లకు ఆటోమేటిక్ బ్రేకులు తప్పనిసరి చేసింది. ఇక్కడ ఆటోమేటిక్ అంటే గొట్టం తెగితే బ్రేకులు వాటంతటవే పడటం. జార్జ్ వెస్టింగ్‌హౌస్ అలాంటి గాలి బ్రేకును 1872లోనే తయారు చేశాడు. గొట్టంలో గాలి నిండి ఉంటేనే బ్రేకు విడుస్తుంది, గాలి పోతే పట్టుకుంటుంది. మన రైళ్లలో గొలుసు లాగితే బండి ఆగడం కూడా ఈ సూత్రం చలవే. గొలుసు గొట్టానికి ఒక దారి తెరుస్తుంది, మిగతా పని తగ్గిన గాలి ఒత్తిడి చూసుకుంటుంది. అంటే ఆర్మా దుర్ఘటనకు 17 ఏళ్ల ముందే మందు ఉంది. ఖర్చనీ, మా పాత బ్రేకు బాగానే పనిచేస్తోందనీ కంపెనీలు దాన్ని పక్కన పెట్టాయి. ‘బాగానే పనిచేస్తోంది’ అన్న మాటను ఈ వ్యాసంలో మళ్లీ తలుచుకోవాల్సి వస్తుంది.

1872లోనే అమెరికాలో విలియం రాబిన్‌సన్ ట్రాక్ సర్క్యూట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. పట్టాల్లో చిన్న కరెంటు పారుతూ ఒక రిలేను, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చును, పైకి పట్టుకుని ఉంచుతుంది. రైలు వస్తే చక్రాలూ ఇరుసూ ఆ కరెంటును అడ్డదారి పట్టిస్తాయి, రిలే కిందికి పడుతుంది, సిగ్నల్ ఎరుపవుతుంది. అసలు తెలివి రైలు లేనప్పుడు కనిపిస్తుంది. బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా, పట్టా విరిగినా రిలే పడిపోయి సిగ్నల్ ఎరుపే చూపిస్తుంది. రైలు ఉందో లేదో తేల్చుకోలేనప్పుడు ఉందనే అనుకునేలా ఆ సర్క్యూట్‌ను తీర్చారు. మన రైల్వేల్లో వాడే క్యూ-సిరీస్ రిలేలు తమ బరువుతో తామే కిందికి పడతాయి. కాంటాక్టులు వేడికి అతుక్కుపోతే పడాల్సిన రిలే పడదు కాబట్టి, వాటిలో ఒక వైపు లోహం, ఒక వైపు కార్బన్ పెట్టారు, ఆ రెండూ అతుక్కోవు. సిగ్నల్ విభాగంలో చెడిపోవడానికే రెండు పేర్లున్నాయి. ఆపే వైపు చెడితే రైట్ సైడ్ ఫెయిల్యూర్, వదిలేసే వైపు చెడితే రాంగ్ సైడ్ ఫెయిల్యూర్. మొదటిది సరిచేసి ముందుకు పోవాల్సిన పని. రెండోదాని పేరు వింటేనే విభాగం ఉలిక్కిపడుతుంది. మామూలు జనానికి రెండూ ‘సిగ్నల్ ఫెయిల్యూర్’ మాత్రమే. సిగ్నల్ ఫెయిలై రైలు గంటసేపు ఆగిందని మనం పత్రికల్లో విసుక్కుంటూ రాసే వార్తల్లో అనేకం, నిజానికి, ఆ ఏర్పాటు తన ధర్మాన్ని నెరవేర్చిన సందర్భాలు.

ఇంత సాధన జరిగాక కూడా మాట మాత్రం రైల్వేల్లో పుట్టినట్టు కనిపించదు. అచ్చులో అది 1940లలో విమానాల ఇంజినీరింగ్ చుట్టూ తిరుగుతూ మొదలవుతుంది. గాలిలో ఉన్న విమానాన్ని ఎర్ర దీపం చూపించి ఆపలేం కాబట్టి అక్కడ అర్థం కొంచెం మారింది. 1954 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, రెండు కామెట్ జెట్ విమానాలు మధ్యధరా సముద్రం మీద ముక్కలైపోయాక, లోహం అలిసిపోయి పగుళ్లివ్వడం మీద ప్రపంచం దృష్టి పడింది. ఒక భాగం పగిలినా పక్క భాగాలు బరువు మోయాలి, తనిఖీలో ఆ పగులు దొరికేదాకా విమానం నిలవాలి అన్నది విమానాల ఫెయిల్-సేఫ్ అయింది. ఆ తర్వాత మాట బాంబర్ల చేతికి వచ్చింది. అమెరికా వ్యూహాత్మక వాయుదళం అణుబాంబు విమానాలను ఒక నిర్ణీత బిందువు దాకా పంపి, అక్కడ దాడి చేయమని స్పష్టమైన ఆజ్ఞ అందకపోతే వెనక్కి రప్పించే పద్ధతిని ఫెయిల్-సేఫ్ అంది. 1958లో సోవియట్ యూనియన్ ఈ గస్తీల మీద ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు చేయడంతో ఆ మాట లోకమంతా పాకింది. రేడియో మూగబోతే యుద్ధం జరగదు, అందువల్ల అదీ నికార్సైన సిగ్నల్ సూత్రమే. 1962లో యూజీన్ బర్డిక్, హార్వే వీలర్ రాసిన ‘ఫెయిల్-సేఫ్’ నవలా, 1964లో సిడ్నీ ల్యూమెట్ తీసిన సినిమా ఆ మాటను మామూలు పాఠకుడి ఇంటికి చేర్చాయి. ఒక సాంకేతిక లోపం వల్ల రావలసిన విమానాలు రాకుండా మాస్కో మీదికి పోవడం కథ. అప్పటినుంచి జనం నోట ఫెయిల్-సేఫ్ అంటే ‘ఫెయిల్ కాదని పెద్దలు చెప్పింది’ అయిపోయింది. వెనక్కి తిరగలేని గీత అన్న మూడో అర్థం కూడా నిఘంటువులకు అక్కడినుంచే ఎక్కింది.

భాష పారే నీరు, పదిమందీ ఒక అర్థంలో వాడితే అదే అర్థం, పండితులు గొణిగి ప్రయోజనమేమిటని అడగవచ్చు. సాధారణ మాటల విషయంలో ఆ వాదన నాకూ సమ్మతమే. వ్యవహారంలో స్థిరపడ్డ మాటను వెనక్కి లాగడం వృథా శ్రమ. అయితే ఈ మాట హామీగా వాడుకలో ఉంది. దాని అర్థాన్ని బట్టి జనం ఒక ప్రశ్న అడుగుతారు లేదా అడగడం మానేస్తారు. ‘చెడిపోదు’ అన్న అర్థంలో విన్నవాడికి అడగడానికేమీ మిగలదు. ‘చెడిపోతే ఫలానా వైపు చెడిపోతుంది’ అన్న అర్థంలో విన్నవాడు ఆ ఫలానా ఏమిటో చూపించమంటాడు, ఒకసారి తీగ తీసేసి చూపమంటాడు. ఎలిషా ఓటిస్ 1854లో న్యూయార్క్ ప్రదర్శనశాలలో చేసింది ఇదే. తాను లిఫ్టు మీద నిలబడి, అందరూ చూస్తుండగా తాడు తెగగొట్టించాడు. తాడు బిగువు తగ్గగానే స్ప్రింగు విచ్చుకుని పక్క పట్టీల పళ్లలో దిగింది, లిఫ్టు నిలిచింది. తాడు తెగదని అతను ఎవరికీ మాట ఇవ్వలేదు. మన అపార్ట్‌మెంట్లలో లిఫ్టు బిగించిన కంపెనీవాళ్లను ఆ పరీక్ష ఏడాదికోసారి మా ముందు చేయండని ఎన్ని సంఘాలు అడుగుతున్నాయి? అడగాలని తట్టకపోవడానికి అర్థం మారిన ఆ మాటకూ కొంత బాధ్యత ఉంది.

రైల్వేలకే తిరిగి వస్తే, 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగ బజార్ స్టేషన్‌లో జరిగింది రాంగ్ సైడ్ ఫెయిల్యూర్‌కు మన తరం మరచిపోలేని ఉదాహరణ. కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్ సిగ్నల్ ఆకుపచ్చగా ఉంది, రైలును పట్టాలు మార్చే పాయింట్లు మాత్రం పక్కనున్న లూప్ లైన్ వైపు ఉన్నాయి. ఆ లూప్ లైన్‌లో గూడ్స్ రైలు నిలిచి ఉంది. 290 మందికి పైగా చనిపోయారు. వారిలో తెలుగువారి ఆప్తులూ ఉన్నారు. సిగ్నల్ సర్క్యూట్లలో గతంలో చేసిన మార్పులోనూ, లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర ఆ రోజు చేసిన పనిలోనూ లోపాలున్నాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. అంటే సిగ్నళ్లనూ పాయింట్లనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టే, డిజైన్‌లో ఫెయిల్-సేఫ్ అయిన ఇంటర్‌లాకింగ్‌ను మనుషులు ముట్టుకుని, తీగలు మార్చి, సరిచూడకుండా వదిలేస్తే ఆ గుణం పోయింది. అదే ఏడాది ఫిబ్రవరి 8న కర్ణాటకలోని హొసదుర్గ రోడ్ స్టేషన్‌లో ఇలాంటి తేడా వచ్చింది. లోకో పైలట్ పట్టాలు వేరే వైపు తిరిగి ఉండటం గమనించి సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్‌ను ఆపేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి అది పెద్ద వార్త కాలేదు. నిజానికి ఆ రోజే దేశం ఉలిక్కిపడి ఉండాల్సింది. ఫెయిల్-సేఫ్ ఒకసారి కొని తెచ్చి బిగించి మరచిపోయే వస్తువు కాదు. తీగ ముట్టుకున్న ప్రతిసారీ మళ్లీ రుజువు చేసుకోవాల్సిన గుణం. చెడిపోనిది అన్న అర్థం మనసులో నాటుకున్న చోట ఆ రుజువు అనవసరమైన ఆలస్యంలా కనిపిస్తుంది.

దక్షిణ మధ్య రైల్వే పరిధిలో పరీక్షలు జరుపుకుని 2023 నాటికి 1,465 కిలోమీటర్ల మేర అమలైన, రైళ్లు ఢీకొనకుండా వాటంతటవే ఆగేలా చేసే ‘కవచ్’ వ్యవస్థ గురించి కూడా ఇదే దృష్టితో మాట్లాడాలి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద రెండు ఇంజిన్లను నడిపి, రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఒకదానిలో ప్రయాణించగా, అది రెండోదానికి 380 మీటర్ల దూరంలో తనంత తానే ఆగడం చూపించారు. మన ఇంజినీర్ల పనితనానికి గర్వపడాల్సిన ఘట్టం అది, అందులో నాకు ఏ సందేహమూ లేదు. కాకపోతే ఆ ప్రదర్శన అన్నీ పనిచేస్తున్నప్పుడు ఏం జరుగుతుందో చూపించింది. రేడియో సంకేతం అందకపోతే, పట్టాల మధ్య బిగించిన ట్యాగ్ ఒకటి ఊడిపోతే, ఇంజిన్‌లో కంప్యూటర్ల లెక్కల్లో తేడా వస్తే ఏమవుతుందన్నది జనానికి తెలియాల్సిన రెండో సగం. ఒకే లెక్కను వేరువేరు ప్రాసెసర్లు చేసి పోల్చుకోవడం, తేడా వస్తే ఆగిపోయే పక్షం తీసుకోవడం ఇలాంటి వ్యవస్థల మూలసూత్రం. ఇంజినీర్లకు అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. కవచ్ వచ్చింది కాబట్టి ఇక ప్రమాదం లేదన్న ప్రచారం కంటే, కవచ్ చెడినప్పుడు రైలు ఆగుతుంది, ఆ ఆలస్యాన్ని సహించండి అన్న ప్రచారం వాళ్ల పనికి ఎక్కువ గౌరవం.

ఆగడమే భద్రత అయితే ఆగిన తర్వాత మాటేమిటన్నది ఇంతకంటే బరువైన అభ్యంతరం. సిగ్నల్ ఎరుపు చూపిస్తూ నిలిచిపోతే రైళ్లను శాశ్వతంగా ఆపి ఉంచలేరు. యంత్రం తప్పుకున్న చోట నియమావళి మనిషి చేతికి బాధ్యత ఇస్తుంది. ఆటోమేటిక్ సిగ్నల్ ఎరుపుగా ఉంటే పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, ముందు ఏముందో చూసుకుంటూ మెల్లగా వెళ్లాలి. 2023 అక్టోబర్ 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ ఢీకొట్టింది. పని చేయని రెండు ఆటోమేటిక్ సిగ్నళ్లను ఈ నియమం పాటించకుండా దాటిందని ప్రాథమిక విచారణ చెప్పింది. 14 మంది పోయారు. 2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లో కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను గూడ్స్ రైలు ఢీకొట్టిన రోజు కూడా, ఆ సెక్షన్‌లో ఆటోమేటిక్ సిగ్నళ్లు తెల్లవారుజాము నుంచే పనిచేయడం లేదు. రెండు చోట్లా సిగ్నల్ వైపు నుంచి చూస్తే సరైన పక్కకే చెడింది. ప్రమాదం ఆ తర్వాతి అంచెలో, అలసిన సిబ్బందికీ అస్పష్టమైన అనుమతి కాగితానికీ మధ్య జరిగింది. దీన్ని బట్టి ఫెయిల్-సేఫ్ సూత్రమే తప్పని అనుకోవడానికి లేదు. ఆ సూత్రాన్ని సగంలో ఆపేశామని మాత్రం ఒప్పుకోవాలి. రైట్ సైడ్ ఫెయిల్యూర్లు మితిమీరితే ఎరుపు దాటడం సిబ్బందికి అలవాటవుతుంది. ఆ అలవాటు మొత్తం ఏర్పాటును లోపలి నుంచి తినేస్తుంది. అందుకే చెడినప్పుడు ఏ వైపో ఎంత ముఖ్యమో, ఎంత తరచుగా చెడుతుందో, చెడ్డాక ఎవరు ఏం చేయాలో అంతే ముఖ్యం.

ఇప్పుడు పట్టాలు వదిలి వీధిలోకి వద్దాం. 2022 మార్చి 23న బోయిగూడలో తుక్కు గోదాములో మంటలు లేచి, పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ వలస కూలీలు చనిపోయారు. సెప్టెంబర్ 12న రూబీ హోటల్ భవనంలో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో పుట్టిన మంట పొగ పైనున్న లాడ్జి గదుల్లోకి ఎగబాకి 8 మందిని బలిగొంది. 2023 జనవరి 19న మినిస్టర్ రోడ్డులో ఓ వాణిజ్య భవనం గంటల తరబడి తగలబడింది, ముగ్గురు కార్మికులు లోపల చిక్కుకుపోయారు. మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పని చేసుకుంటున్న ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. ఏడాది తిరగకుండా నాలుగు ఘటనలు, నాలుగూ సికింద్రాబాద్‌లోనే. వీటిలో ప్రతి భవనమూ అంతకుముందు రోజు దాకా ‘బాగానే పనిచేసింది’. మెట్లున్నాయి, జనం ఎక్కారు, దిగారు. మంట పుట్టిన క్షణాన ఆ మెట్లు ఏమవుతాయన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేసినట్టు లేదు. కింద మండే సరుకు ఉండి, పైవాళ్లు దిగడానికి దాని మీదుగానే దారి ఉంటే, మంట లేచాక ఆ దారి పొగగొట్టంగా మారుతుంది. సిగ్నల్ భాషలో చెబితే ఇది రాంగ్ సైడ్ ఫెయిల్యూర్. ఆపద రానప్పుడు దారిగా ఉండి, ఆపద వచ్చినప్పుడే మూసుకుపోయేది.

ఖర్చు సంగతి ఎత్తుతారని తెలుసు. ఇరుకు స్థలాల్లో, పాత భవనాల్లో రెండో మెట్లదారి పెట్టమంటే చిన్న యజమాని ఏమైపోతాడు? ఆ ఇబ్బంది నిజమైనదే. అయితే ఈ సూత్రం పుట్టినప్పటి నుంచీ ఖరీదైనది కాదు. సిగ్నల్ చేతికి వేలాడదీసినది ఇనుప బరువు ఒకటి, రిలే ఆధారపడింది భూమ్యాకర్షణ మీద. ఆఫీసు తలుపుకు కార్డు గీకితే తెరుచుకునే మాగ్నెటిక్ తాళం కరెంటు ఉంటేనే పట్టుకునే రకమైతే, కరెంటు పోగానే విడిచేస్తుంది. లోపలివాళ్లు తోసుకుని బయటపడతారు. కరెంటు పోతే బిగుసుకునే తాళం పెట్టి, లోపలి నుంచి చేత్తో తెరిచే ఏర్పాటు వదిలేస్తే అదే తలుపు గోడ అవుతుంది. రెండింటి ధరల్లో తేడా ప్రాణాలతో పోల్చదగింది కాదు. మండే సరుకున్న గోదాము పైన మనుషులను పడుకోనివ్వకపోవడానికి పరికరమే అక్కర్లేదు. మెట్ల మీద అట్టపెట్టెలు పేర్చకపోవడానికీ అంతే. అగ్నిమాపక తనిఖీలో పరికరాలు ఉన్నాయా లేవా అన్నదానితో పాటు, పంపు నడవకపోతే, కరెంటు పోతే, ఒక మెట్లదారి పొగతో నిండితే జనం ఎటు నుంచి బయటికి వస్తారన్నది రాసి తీరాల్సిన గడిగా ఉండాలి. జవాబు లేని భవనానికి అనుమతి ఇవ్వకూడదు.

అన్నిటికీ ఒక సురక్షితమైన పక్క ఉండదన్న మాటా నిజమే, దాన్ని దాటవేయకూడదు. ఐసీయూలో ఊపిరి యంత్రం ఆగితే అది భద్రత కాదు. 2011లో ఫుకుషిమాలో రియాక్టర్లు భూకంపానికి నియమం ప్రకారం ఆగిపోయాయి. ఆగిన తర్వాత కూడా చల్లబరచాల్సిన వేడి మిగిలి, సునామీకి జనరేటర్లు మునిగి అనర్థం జరిగింది. మనకు దగ్గర్లో 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయి, రాయలసీమ రైతులకు అందాల్సిన నీళ్లు నదిలో పోయాయి. డ్యాం గేటు తెరుచుకుని చెడితే నీళ్లు పోతాయి, మూసుకుని చెడితే కట్ట మీద భారం పడుతుంది, ఏ పక్కా మంచిది కాదు. ఇలాంటి చోట విమానాల వాళ్లు చెప్పిన అర్థం పనికొస్తుంది. ఒకటి విరిగితే ఇంకొకటి మోయాలి. గేటుకు ముందు దించడానికి స్టాప్‌లాగ్‌లు అనే అడ్డుపలకలు సిద్ధంగా ఉండాలి, జనరేటర్‌కు ఇంకో జనరేటర్ వేరే చోట, వేరే ఎత్తులో ఉండాలి. తుంగభద్రలో గేటు పోయాక హడావుడిగా తయారు చేయించి, ప్రవాహంలో ప్రాణాలకు తెగించి దించిన స్టాప్‌లాగ్ పలకలు ముందే ఒడ్డున ఉండి ఉంటే, ఆ వారం రోజుల ఆందోళన ఉండేది కాదు. సురక్షితమైన పక్క లేదని తేలడం కూడా ఆ ప్రశ్న వేసినందువల్లే తేలుతుంది.

తెలుగులో దీనికి కొత్త మాట పుట్టించాలని నేను కోరడం లేదు. రైలు, సిగ్నల్, లిఫ్టు మన మాటలైనట్టే ఫెయిల్-సేఫ్ కూడా అవుతుంది, అవనివ్వండి. దాన్ని వాడే అధికారి మాత్రం ఆ మాట దగ్గరే వాక్యం ముగించకూడదు. దేని వల్ల చెడవచ్చు, చెడితే ఏ స్థితిలో నిలుస్తుంది, చివరిసారి ఎప్పుడు చెడగొట్టి చూశారు అన్న మూడు సంగతులు చెప్పకుండా ఆ మాట వాడితే, విలేకరులు అక్కడికక్కడే అడగాలి. రైల్వేలు కవచ్ ఉన్న సెక్షన్లలోనూ, లేని సెక్షన్లలోనూ ఏటా ఎన్ని రైట్ సైడ్, ఎన్ని రాంగ్ సైడ్ ఫెయిల్యూర్లు వచ్చాయో విడివిడిగా, జోన్ల వారీగా ప్రజల ముందు పెట్టాలి. మొదటి సంఖ్య పెద్దదిగా ఉన్నంత మాత్రాన వాళ్లను నిందించకుండా చదవడం మన వంతు. రెండో సంఖ్యలో ఒక్కటి కనిపించినా, ఎవరికీ గాయం కాకపోయినా, హొసదుర్గ రోడ్ లాంటి ఘటన మీద విచారణ నివేదిక మొత్తం అచ్చు కావాలి. ఇరిసెట్ ఉన్న ఊరు కాబట్టి, దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం రైల్ నిలయం ఉన్న ఊరు కాబట్టి, ఆ లెక్కలు మొట్టమొదట సికింద్రాబాద్ నుంచే బయటికి రావాలని అడగడం న్యాయం. బోయిగూడ, స్వప్నలోక్ ఘటనలు జరిగిన ఊరు కూడా ఇదే కాబట్టి, నగరంలోని వాణిజ్య భవనాల తనిఖీ కాగితాలను అదే పద్ధతిలో, ప్రతి భవనం గుమ్మం దగ్గర, అద్దెకున్నవాళ్లూ పనివాళ్లూ చదువుకునేలా తెలుగులో, హిందీలో అతికించాలని అడగడం కూడా.